గుడిలో కన్నడం, ఇంట్లో తెలుగు

మాది పావగడ తాలూకా. జిల్లా తుమకూరు, రాష్ట్రం కర్ణాటక, ఇంటి భాష తెలుగు. మా తాలూకా చుట్టూ చాలావరకు ఆంధ్రే. కథోలిక శ్రీసభ లెక్కలో మేము బెంగళూరు అగ్రపీఠం కిందికి వస్తాము, పొలిమేర దాటి మడకశిరకు పోతే కర్నూలు మేత్రాసనం. అందుకని పూజ కన్నడంలో విని, జపమాల తెలుగులో చెప్పుకుంటూ పెరిగినాము. బడి కూడా కన్నడ మీడియమే. తెలుగు అక్షరాలు నేర్చుకున్నది అవ్వ ప్రార్థన పుస్తకంలో. కన్నడ లిపి వచ్చినవాళ్లకు అదేమంత కష్టం కాదు, తలకట్టు దగ్గర కొంచెం తికమక, అంతే.

ఇప్పుడు బెంగళూరులో మా పాపకు తొలి దివ్యసత్ప్రసాదం. ఉపదేశం క్లాసు ఇంగ్లీషులో జరుగుతుంది. పాప అడిగే ప్రశ్నలు ఆఫీసులో టెస్టింగ్ పనిలో మేము అడిగేవాటి మాదిరే ఉంటాయి: ఇది ఎందుకుంది, తీసేస్తే ఏమవుతుంది? అవ్వ మాతోనే ఉంటుంది, ఆమెకు ఇంగ్లీషు రాదు. పాపకు తెలుగు సగమే వచ్చు. మధ్యలో మేము చెప్పకపోతే అవ్వ దగ్గరున్నది అవ్వతోనే పోతుంది.

ముందు మాటలతో మొదలుపెట్టినాము. మన దివ్యబలిపూజ కన్నడంలో బలిపూజె, దివ్యసత్ప్రసాదం పరమప్రసాద, జపమాల జపసర. పాపసంకీర్తనం దగ్గర మాత్రం ఆగాల్సి వచ్చింది. "పాపాలను పాట పాడతారా?" అని నవ్వింది. కీర్తించడమంటే పేరు పెట్టి బయటికి చెప్పడం కూడా. ఏదో పొరపాటైంది అంటే చాలదు, చేసినదాని పేరు చెప్పాలి. కన్నడంలో దాన్నే పాపనివేదనె అంటారు, అంటే తెచ్చి ముందుంచడం. మాకైతే రెండు మాటలూ కలిపినాకే ఆ సంస్కారం పూర్తిగా అర్థమైంది.

సువిశేషం ముందు నొసట, పెదవుల మీద, రొమ్ము మీద వేసుకునే మూడు చిన్న సిలువ గుర్తులు పాపకు తొందరగానే అర్థమైనాయి: తెలుసుకోను, చెప్పను, గుండెలో పెట్టుకోను.

అర్పణ వేళ గురువు ద్రాక్షారసంలో కొంచెం నీళ్లు కలుపుతారు. చాలామంది చూడరు. పూర్వం ఆ దేశాల్లో ద్రాక్షారసంలో నీళ్లు కలుపుకొనే తాగేవారు. అలవాటు ముందు, అర్థం తరువాత కుదిరింది: ద్రాక్షారసం క్రీస్తు దైవత్వం, నీళ్లు మన మనిషితనం, కలిసినాక విడదీయలేరు. "పూజలో మన వంతు ఆ చుక్కే" అంటుంది అవ్వ. బోర్లు ఎండిపోయిన ఊళ్లు చూసినామె, చుక్క విలువ ఆమెకు ఒకరు చెప్పనక్కర లేదు.

పాప గట్టిగా పట్టుకున్నది చెప్పుల సంగతి. ఇక్కడి గుడిలో అందరూ బూట్లతోనే పోయి బెంచీల మీద కూర్చుంటారు. అవ్వ గడప దగ్గరే చెప్పులు విడిచి నేల మీద కూర్చుంటుంది. "అవ్వ చేసేది తప్పా?" తప్పు కాదు. రెండో వాటికన్ మహాసభ 1963లో ఆరాధనకు ప్రజల భాషలను, పద్ధతులను రానిచ్చింది. 1969లో భారత బిషప్పులు కోరిన 12 మార్పులకు రోము ఒప్పుకుంది. చెప్పులు విడిచి నేల మీద కూర్చోవడం, పంచాంగ ప్రణామం, కొవ్వొత్తుల బదులు నూనె దీపాలు, హారతి అన్నీ అందులో ఉన్నాయి. వాటిని ముందుకు తీసుకుపోయిన ఎన్‌బీసీఎల్‌సీ కేంద్రం ఉన్నది ఈ బెంగళూరులోనే, దాని మొదటి డైరెక్టరు ఫాదర్ అమలోర్‌పవదాస్. ఇవి హిందువుల పద్ధతులని గొడవ చేసినవాళ్లు కథోలికుల్లోనే ఉన్నారు. మాకు ఆ గొడవ అర్థం కాదు. బెంచీలు మాత్రం ఎక్కడివి మరి?

అవ్వకు 1969 సంగతి తెలియదు. మండే పొద దగ్గర మోషే చెప్పులు విడిచినాడు కదా, అంతే అంటుంది. పాపకు మా తేదీల కంటే ఆ జవాబే నచ్చింది.

తొలి పాపసంకీర్తనం వచ్చే నెలలో. పశ్చాత్తాప ప్రార్థన క్లాసులో ఇంగ్లీషులో నేర్పినారు, సాయంత్రాలు అవ్వ తెలుగులో కంఠస్థం చేయిస్తోంది. ఏది చెప్తావు అంటే తెలుగుదే అంటోంది పాప. అక్కడి ఫాదర్‌కు తెలుగు రాదు. పోయి అడిగినాము. "చెప్పనీయండి, వింటాను" అన్నారు.