వంగపండు రంగు: గుణదల కొండ నుంచి మన బీరువా దాకా

ఫిబ్రవరి రెండో వారంలో బెజవాడ వచ్చే పని ఉంటే ఏలూరు రోడ్డు మీద ఒక పూట ఆలస్యమవుతుందని ముందే లెక్క వేసుకుని బయల్దేరండి. 9, 10, 11 తేదీల్లో గుణదల మేరీమాత ఉత్సవాలు. పిల్లల్ని చంకనేసుకుని కొండెక్కే తల్లులు, కొవ్వొత్తుల కట్టలు, కొబ్బరికాయలు, తలనీలాలు ఇచ్చి నున్నటి గుండుతో దిగివచ్చే కుటుంబాలు. మీరే మతం వాళ్లని అక్కడ ఎవరూ అడగరు. 1924లో ఫాదర్ ఆర్లాటి అనే ఇటలీ గురువు ఈ కొండ మీద మాత విగ్రహాన్ని నిలిపారు. ఫ్రాన్సులోని లూర్దులో 1858 ఫిబ్రవరి 11న మాత ఒక పేదపిల్లకి కనిపించిందని నమ్మిక. అందుకే ఇక్కడా అదే తేదీకి పండుగ.

లూర్దు మాత కట్టింది తెల్లబట్ట, నడుముకి నీలి పట్టీ. మరి వంగపండు రంగు ఎక్కడుంది అంటారా? ఉత్సవాల సందడి సర్దుమణిగాక ఒకసారి వెళ్లండి. విభూది బుధవారంతో తపస్సు కాలం మొదలవుతుంది. అప్పటి నుంచి ఈస్టర్ ముందు దాకా పూజ చేసే గురువులు వేసుకునేది ముదురు ఊదా వస్త్రం. ఒక్కోసారి ఈ రెండూ కలిసిపోతాయి కూడా. 2016లో విభూది బుధవారం సరిగ్గా ఫిబ్రవరి 10న, ఉత్సవాల నడిమధ్యనే వచ్చింది. 2027లోనూ అంతే. క్రిస్మస్‌కి ముందు వచ్చే ఆగమన కాలంలోనూ ఇదే రంగు. ఈ రెండు కాలాల్లో ఒక్కో ఆదివారం మాత్రం గులాబీ రంగు వేసుకోవచ్చు. ఉపవాసాల మధ్య కాస్త ఊపిరి పీల్చుకోమన్నట్టు!

పశ్చాత్తాపానికీ, ఉపవాసానికీ గుర్తుగా పెట్టుకున్న ఈ రంగు ఒకప్పుడు చక్రవర్తుల సొత్తు. ఏసుప్రభువుని హేళన చెయ్యడానికి సైనికులు ఊదా అంగీ తొడిగారని సువార్తలో ఉంది కదా, 'నువ్వు రాజువట కదా' అని వెక్కిరించడానికే ఆ రంగు. అదే బైబిల్లో లూదియ అనే ఆవిడ కూడా ఉంది. ఊదారంగు సరుకు అమ్ముకునే వ్యాపారస్తురాలు. రెండువేల ఏళ్ల కిందట సొంత వ్యాపారం, సొంత ఇల్లు ఉన్న ఆడమనిషి! నాకు ఆవిడంటే భలే ఇష్టం.

ఆ రోజుల్లో ఈ రంగు సముద్రపు నత్తల నుంచి తీసేవారు. ఇప్పటి లెబనాన్ తీరంలోని టైర్ పట్టణం దానికి పేరుమోసింది. 1909లో ఒక జర్మన్ రసాయన శాస్త్రజ్ఞుడు లెక్క తేల్చడానికి 12,000 నత్తలు తీసుకుంటే వచ్చిన రంగు 1.4 గ్రాములు. చిటికెడు పసుపంత కూడా కాదేమో! అంత ఖరీదు కాబట్టే రాజులు దాన్ని తమకే ఉంచుకున్నారు. రోములో నీరో చక్రవర్తి దాని వాడకాన్నే నిషేధించాడు. ఆయన కచేరీకి ఒక గృహిణి ఆ రంగు కట్టుకుని వస్తే, బట్టా ఊడదీయించి, ఆస్తీ లాగేసుకున్నాడని చరిత్రకారుడు సూటోనియస్ రాశాడు. రంగు చీర కట్టినందుకు!

ఈ పెత్తనం రాజుల వల్ల పోలేదు, ఒక కుర్రాడి వల్ల పోయింది. 1856లో లండన్‌లో విలియం పెర్కిన్ అనే 18 ఏళ్ల విద్యార్థి మలేరియాకి వాడే క్వినైన్‌ని తారు నుంచి తీసిన రసాయనాలతో తయారు చెయ్యబోయాడు. మందు రాలేదు, గిన్నెలో నల్లటి మడ్డి మిగిలింది. దాన్ని స్పిరిట్‌తో కడిగితే ఊదా రంగు దిగింది. పట్టుకి పడితే పోలేదు. మరుసటి ఏడాదికల్లా ఫ్యాక్టరీ పెట్టేశాడు. 1858లో విక్టోరియా రాణి కూతురి పెళ్లికి ఆ రంగు గౌను వేసుకుంది. లూర్దులో మాత కనిపించిందన్న ఏడాదే! తర్వాత కొన్నేళ్లకి మామూలు ఇల్లాళ్లూ వేసుకున్నారు. 1908లో ఓటు హక్కు కోసం పోరాడిన ఇంగ్లండు స్త్రీలు తమ జెండాకి ఊదా, తెలుపు, ఆకుపచ్చ ఎంచుకున్నారు. మార్చి 8 మహిళా దినోత్సవానికి ఊదా రంగు కనిపించేది అందుకే.

మన కృష్ణా తీరానికి ఈ రంగు అంతకు చాలా ముందే తెలుసు. బందరు దగ్గర పెడనలో కలంకారీ అద్దకం చూశారా? పటిక అద్దిన చోట చిరివేరు ఎరుపు పట్టుకుంటుంది. బెల్లం నీళ్లలో తుప్పు ఇనుము నానబెట్టి తీసిన కషాయం నలుపు ఇస్తుంది. ఆ రెండిటి పాళ్లు మార్చి కలిపితే మధ్యలో గోధుమ, ఊదా చాయలు వస్తాయి. 17వ శతాబ్దంలో మచిలీపట్నం రేవు నుంచి ఓడలెక్కి యూరప్ వెళ్లిన అద్దకపు బట్టల్లో ఆ ఊదా పూలు ఉండేవి. నత్తలతో పనిలేకుండా, బెల్లంతో ఇనుముతో!

ఇక మన పేర్లు చూడండి. షాపుల్లో పర్పుల్, వైన్ కలర్ అంటున్నారు గానీ వంగపండు, నేరేడుపండు, బచ్చలిపండు అంటే అవి మూడు వేర్వేరు చాయలని మనకి చెప్పకుండానే తెలుస్తుంది. వంగపండులో నలుపు ఎక్కువ, నేరేడులో నీలం, బచ్చలిపండులో ఎరుపు. కొట్లో ఈ పేర్లతో అడిగి చూడండి, పెద్దవయసు సేల్స్‌మన్ అయితే సరిగ్గా ఆ కట్టే లాగుతాడు.

గుణదల నుంచి వన్ టౌన్ ఎంతో దూరం కాదు. కొండ దిగాక అటు వెళ్లి వస్త్రలతలో కాసేపు కూర్చోండి. చామనఛాయ పిల్ల వంగపండు చీర మీద చెయ్యి వేస్తుంది. వెంటనే పక్కనున్న అత్తయ్యో పిన్నో "నీకు ముదురు రంగులు నప్పవమ్మా, లైట్ కలర్ చూసుకో" అంటుంది. పెళ్లిచూపుల చీరైతే మరీను. పిల్ల మాట్లాడకుండా చెయ్యి వెనక్కి తీసుకుంటుంది. నీరో పోయి రెండువేల ఏళ్లు కావొస్తోంది, ఆ చట్టం మాత్రం మన నోళ్లలో బతికే ఉంది. రంగుల లెక్కలో చూసినా ఆ మాట తప్పే. చామనఛాయకీ నలుపుకీ మసకేసేది బూడిద రంగు, వెలిసిన క్రీము. వంగపండు మీద జరీ పడితే ఆ ఒంటిరంగుకి వచ్చే నిగారింపు అసలు అందం. నమ్మకం లేకపోతే చీర భుజాన వేసి, ట్యూబ్‌లైటు కింద కాదు, గుమ్మం దగ్గర ఎండ వెలుతురులో అద్దం చూపించండి. పిల్ల మొహమే చెబుతుంది.

జోడీల మాటకొస్తే, ఊదాకి ఎదురు రంగు పసుపు. కాబట్టి వంగపండు చీరకి మామిడిపండు రంగు జాకెట్టు బ్రహ్మాండంగా ఉంటుంది. చిలకాకుపచ్చ అంచు ఎప్పటికీ పాతబడదు. వేసవికి బరువనిపిస్తే కృష్ణ దాటి మంగళగిరి వెళ్లండి. నిజాం అంచు నూలు చీరలో ఈ రంగు హుందాగా ఉంటుంది, ఆఫీసుకీ పనికొస్తుంది. ఇంట్లో మాత్రం జాగ్రత్త. చిన్న గదికి నాలుగు గోడలా వేస్తే సాయంత్రానికి చీకటి కొట్టే. మంచం తల వైపు ఒక్క గోడకో, లేదా దిండు గలీబులకో సరిపెట్టండి. ఎండ పడే కిటికీకి ముదురు ఊదా తెరలు వద్దు, మడతల దగ్గర వెలిసి చారలు పడతాయి.

కొత్త చీర కొనేముందు తడి చేసిన తెల్ల జేబురుమాలుతో కొంగు మూల గట్టిగా రుద్దండి. రుమాలుకి రంగు అంటితే బేరం మానుకోవడమే మేలు. ఉప్పునీళ్లలో నానబెడితే ఆగుతుందంటారు గానీ, అద్దకం సరిగ్గా లేని బట్టకి ఉప్పు చేసేదేం లేదు. నూలుదైతే మొదటి రెండు మూడు ఉతుకులు చన్నీళ్లలో విడిగా జాడించి, తిరగేసి నీడన ఆరెయ్యండి. పట్టుకి డ్రైక్లీనింగే. జాడించిన నీళ్లు తేటగా వచ్చేదాకా దాన్ని మీవారి తెల్ల చొక్కాల దరిదాపుల్లోకి రానివ్వకండి.