గడప దాటిన తరువాత

శిక్ష ముగిసిన ఖైదీ చేతిలో ఒక చిన్న మూటతో కారాగారం నుండి వెలుపలికి వస్తాడు. లోనికి వెళ్లిననాడు విప్పి ఇచ్చిన బట్టలు, చేసిన పనికి ముట్టిన కూలి డబ్బు, విడుదల పత్రం - అతని ఆస్తి అంతే. ఏళ్ల తరబడి ఇతరులు తెరిస్తేనే తలుపు దాటిన మనిషి, తన ఇంటి తలుపును తానే తట్టవలసి వచ్చేసరికి చేయి ఆడక నిలబడిపోతాడు. లోపల, సంసారభారాన్ని ఒంటరిగా మోసి అలసిన భార్య ఉంటుంది. అతడు వెళ్లిననాడు ఉయ్యాలలో ఉన్న బిడ్డ తలుపు తీసి, "ఎవరు కావాలండీ?" అని అడుగుతుంది. న్యాయస్థానం విధించిన శిక్ష అప్పటికే ముగిసింది. లోకం విధించే శిక్ష ఆ ప్రశ్నతో మొదలవుతుంది.

ఈ రెండవ శిక్షకు గడువు లేదు. పని అడిగితే పూర్వచరిత్ర అడ్డు వస్తుంది. అద్దెకు ఇల్లు అడిగితే యజమాని చూపు మారిపోతుంది. పిల్లకు వచ్చిన సంబంధం మాటల్లోనే తప్పిపోతుంది. ఊరిని మాత్రమే తప్పుపట్టనూ లేము. అతని నేరం వల్ల ఆప్తుని పోగొట్టుకున్న కుటుంబం ఆ వీధిలోనే ఉండవచ్చు. వారి దుఃఖం క్యాలెండరును చూసి ముగిసేది కాదు. అయినా, మనిషిని శాశ్వతంగా వెలివేసినందువల్ల ఆ దుఃఖం తగ్గుతుందా? బతుకుతెరువు దొరకని చేయి తిరిగి నేరం వైపే చాచుకునే ప్రమాదం మాత్రం పెరుగుతుంది.

ఈ చిక్కును గ్రహించిన వారు మన దేశంలో పూర్వమే ఉన్నారు. నేటి మహారాష్ట్రలోని ఆటపాడి వద్ద, నాటి ఔంధ్ సంస్థానంలో, 1939లో స్వతంత్రపురం అనే ఖైదీల వసతి వెలిసింది. శాంతారాం 1957లో నిర్మించిన 'దో ఆంఖేఁ బారహ్ హాథ్' చిత్రానికి ప్రేరణ ఆ ప్రయోగమే. అనంతపురం వద్ద 1965లో ఏర్పడిన ఆరుబయలు కారాగారంలో ఖైదీలు పొలం దున్నారు.

వీటన్నింటిలో విశేషమైనది జయపూరు సమీపంలోని సాంగానేరు శిబిరం. నాటి రాజస్థాన్ గవర్నరు సంపూర్ణానంద్ పేరిట అది 1963లో ఆరంభమయింది. శిక్షలో నిర్ణీత భాగాన్ని సత్ప్రవర్తనతో గడిపినవారికే అందులో ప్రవేశం. అక్కడ ఖైదీ భార్యాబిడ్డలతో కాపురం ఉంటాడు. పగలు వెలుపలికి వెళ్లి కూలో, వ్యాపారమో చేసుకుంటాడు. సాయంత్రం హాజరు పలుకుతాడు. తిండి, బట్ట, కరెంటు ఖర్చులు అతని సంపాదన నుండే సాగాలి. హాజరును, క్రమశిక్షణను చూసుకునే పంచాయతీ ఖైదీలదే. పారిపోవడం కష్టమేమీ కాదు. కాని పిల్లలు బడికి వెళ్లే ఇంటిని విడిచి పారిపోవాలని ఎవరికి ఉంటుంది? శిక్ష ముగిసిన తరువాత కూడా ఆ చోటు విడిచి వెళ్లడానికి మనసొప్పని వారు అక్కడ ఉన్నారు. ఇది శిబిరానికి కీర్తి, వెలుపలి సమాజానికి నింద.

ఇటువంటి అవకాశం దొరికే వారు బహు స్వల్పం. 2022 నాటికి దేశంలోని ఖైదీలలో సుమారు నాలుగింట మూడు వంతుల మంది విచారణ ఖైదీలే. నేరం రుజువు కానివారికి ఈ శిబిరాలలో చోటు ఉండదు. మిగిలిన వారిలోనూ అత్యధికులు ఎత్తైన గోడల వెనుకనుండి ఒక్కసారిగా వీధిలోకి వచ్చి పడవలసిన వారే.

సాంగానేరు నేర్పే పాఠం గోడలకు సంబంధించినది కాదు. తెగిన బంధాన్ని విడుదల నాడు అతికించడం కంటే, శిక్షాకాలంలోనే తెగకుండా కాపాడుకోవడం సులువని అది చెబుతుంది. అందరికీ అటువంటి శిబిరం లభించకపోవచ్చు. నెలకొక ఉత్తరం, వీలైనప్పుడు ములాఖత్, వచ్చిన తరువాత నమ్మి అప్పగించే ఒక చిన్న పని - ఇవి లభించగలవు. విడుదల నాటి ఉదయం జైలు గేటు ముందు అతని కొరకు ఎవరో ఒకరు నిలబడి ఉంటే, ఇంటి తలుపు తట్టేటప్పుడు ఆ చేయి అంతగా వణకదు.