ఈసారి కొండ కోసమే కొండకి

పశ్చిమ మారేడ్‌పల్లి,
ఆదివారం మధ్యాహ్నం

ఏమే,

మీ అమ్మగారి మోకాలు కుదుటపడింది. ఆ మాట ముందు రాయకపోతే మిగతా ఉత్తరం నీ తలకెక్కదు. నిన్న పొద్దున నెహ్రూనగర్ పార్కులో నాతో సమానంగా నడిచి, ఆ తర్వాత నన్ను బెంచీ మీద కూర్చోబెట్టి, ఎల్లోస్టోన్ నుంచి నువ్వు పంపిన ఫోటోలన్నీ ఒక్కొక్కటే చూపించారు. వేడినీటి బుగ్గ ముందు మీ వారు, టోపీలు పెట్టుకున్న పిల్లలు, దూరంగా అడవిదున్నలు. గది ఏడాది ముందే తీసుకున్నావట, ఎలుగుబంటి ఎదురైతే ఏం చెయ్యాలో పిల్లలకి రోజూ పాఠం చెప్పావట! చాలా బాగుంది తల్లీ, మనస్ఫూర్తిగా అంటున్నా. ఇంత శ్రద్ధగా అడవికి వెళ్లొచ్చినదానివి కాబట్టి ఒకటి అడుగుతాను. మనకి ఊహ తెలిసినప్పటినుంచీ వెళ్లొస్తున్న నేషనల్ పార్కు ఒకటుంది. ఏదో చెప్పు చూద్దాం?

తిరుమల. నవ్వకు, పూర్తిగా విను. శేషాచలం కొండల్లో 353 చదరపు కిలోమీటర్ల అడవిని 1989లో శ్రీ వేంకటేశ్వర నేషనల్ పార్కుగా ప్రకటించారు. గుడీ మాడవీధులూ కాటేజీలూ ఉన్న ఆ కాస్త ఊరిని పక్కన పెడితే, చుట్టూ ఉన్నదంతా అడవే. 2010లో ఇంకా చాలా మేర కలిపి, 4,755 చదరపు కిలోమీటర్ల పైచిలుకు శేషాచలం బయోస్ఫియర్ రిజర్వు అన్నారు. ఆంధ్రలో అదే మొదటిది. మీ ఎల్లోస్టోన్ 1872 నాటిది, ప్రపంచంలోనే మొదటి నేషనల్ పార్కు, దానితో నేను పోటీ పెట్టడం లేదు. కాకపోతే అక్కడికి వెళ్లేవాళ్లు అడవి కోసం వెళ్తారు. మన అడవికి లక్షలమంది వెళ్లి, అడవి వైపు తలైనా తిప్పకుండా లడ్డూ పట్టుకుని తిరిగొస్తారు. నా బాధల్లా అదే.

నువ్వు చూడలేదని అంత గట్టిగా ఎలా చెబుతున్నావంటావా? పక్కసీట్లో కూర్చున్నదాన్ని నేనేగా! అలిపిరి దాటగానే నిమ్మకాయ ముక్కుకి ఆనించుకుని కళ్లు మూసేదానివి. పైన బస్సు ఆగాక మీ నాన్నగారు పిలిస్తే తెరిచేదానివి. మలుపు మలుపుకీ లోయ ఎలా తిరుగుతుందో, ఎర్రటి రాతి గోడలు గుడివైపు నుంచి ఎడమవైపుకి ఎలా మారతాయో నేను చెబుతూనే ఉండేదాన్ని, నువ్వు 'ఊఁ' కొడుతూ ఉండేదానివి.

అందుకే ఈసారి వరస మార్చాను. నువ్వు డిసెంబర్లో వచ్చి సంక్రాంతి దాకా ఉంటానన్నావు కదా. సాయంత్రం సికింద్రాబాద్‌లో పద్మావతి ఎక్స్‌ప్రెస్ ఎక్కుతాం, తెల్లారేసరికి తిరుపతి. అక్కణ్ణుంచి కొండెక్కం. వ్యాను మాట్లాడుకుని భాకరాపేట మీదుగా నేరుగా తలకోన వెళ్తాం. రెండు రాత్రులు అక్కడే. అటవీశాఖ వాళ్ల గదులున్నాయి, టూరిజం వాళ్ల గెస్ట్‌హౌసూ ఉంది. జలపాతం 270 అడుగులు, రాష్ట్రంలో అంత ఎత్తునుంచి పడేది ఇంకోటి లేదు. కింద సిద్ధేశ్వరస్వామి గుడి, అక్కణ్ణుంచి చెట్ల నీడలో నడక. దారిలో గిల్లతీగ కనిపిస్తుంది చూడు, మనిషి నడుమంత లావున మెలికలు తిరిగి ఒక చెట్టునుంచి ఇంకో చెట్టుకి పాకుతుంది. ఆ తర్వాతే తిరుమల, దర్శనం, తిరుగు ప్రయాణం.

'పిల్లల సెలవులు ఎండాకాలంలో కదా, సంక్రాంతికి ఉండేవి నాలుగు రోజులేగా' అంటావు. మీ అన్నయ్యగారూ ఇదే అన్నారు. ఎండాకాలంలో తలకోనలో నీళ్లు సన్నగిల్లిపోతాయి, అడవి ఎండి నిప్పుకి సిద్ధంగా ఉంటుంది. 2014 మార్చిలో శేషాచలం తగలబడితే మంటలార్పడానికి వాయుసేన హెలికాప్టర్లు రావలసి వచ్చింది. పోనీ వానల్లో వెళ్దామంటే అక్కడ ముసురు పట్టేది అక్టోబరు, నవంబరుల్లో. 2021 నవంబరు వానలకి తిరుపతి వీధులు ఏరులయ్యాయి, మెట్లదారులు దెబ్బతిన్నాయి, డిసెంబరు మొదట్లో ఘాట్ రోడ్డు మీద కొండరాళ్లు విరిగిపడ్డాయి. కాబట్టి వాన వెలిసి, నీళ్లు ఇంకా గట్టిగా పడుతూ, ఆకు పచ్చగా ఉండేది సంక్రాంతి వేళే. వైకుంఠద్వారం తెరిచి ఉంచే ఆ పది రోజులు మాత్రం తప్పించాలి, లేకపోతే క్యూలోనే పండగ అయిపోతుంది.

ఇంట్లో అసలు చిక్కు తేదీలతో కాదు, అత్తయ్యగారితో వచ్చింది. 'తిరుపతి దాకా వెళ్లి స్వామిని చూడకుండా ముందు చెట్టూ పుట్టా చూడ్డమేమిటే' అన్నారు. ఆవిడ మాట నేను తేలిగ్గా తీసెయ్యలేదు. తిరుమలలో ఆవిడ నన్నూ పిల్లనీ తలలో పువ్వు పెట్టుకోనివ్వరు, ఆ కొండమీద పూసిన ప్రతి పువ్వూ స్వామిదే అంటారు. మరి పువ్వు స్వామిదైనప్పుడు అది పూసిన చెట్టు, ఆ చెట్టున్న కొండ ఎవరివి అత్తయ్యా అని అడిగాను. రామానుజులవారు ఆ కొండని కాలితో తొక్కకూడదని మోకాళ్లమీద ఎక్కారని చెప్పింది మీరే కదా అన్నాను. ఆవిడ కాసేపు ఊరుకుని, 'వెంగమాంబ కూడా అడవిలోనే ఉండేదిట' అన్నారు. అంతే, ఆవిడ మా పార్టీలో చేరిపోయారు.

ఆ మాట దగ్గర నేనూ ఆగిపోయాను. తరిగొండ వెంగమాంబ పేరుతో ఉన్న అన్నప్రసాద భవనంలో మనందరం ఆకేసుకుని కూర్చున్నవాళ్లమే. 'ఇంకొంచెం సాంబారు' అని అడిగి మరీ తిన్నావు నువ్వు. పద్దెనిమిదో శతాబ్దంలో ఆవిడ ఒంటరి ఆడది, చిన్నతనంలోనే భర్త పోయిన మనిషి, ఊళ్లో సూటిపోటి మాటలు పడి ఆ కొండకి చేరింది. ఊరు చాలక తుంబురుకోన గుహలో ఏళ్లతరబడి తపస్సు చేసిందని చెబుతారు. తుంబురుకోన ఎలాంటి చోటనుకున్నావు? రెండు రాతిగోడలు నిలువునా చీలి, మధ్యలో నీళ్లు పారే సందు. ఫాల్గుణ పౌర్ణమికి తుంబురు తీర్థ ముక్కోటి జరుగుతుంది, జనం అడవిలో నడిచి వెళ్తారు. మిగతా రోజుల్లో అలా తోచినట్టు వెళ్లడానికి లేదు, అటవీశాఖ ఒప్పుకోదు, ఒప్పుకోకపోవడమే మంచిది. అంచేత ఈసారి మనకది కుదరదు. అయినా కొండమీద నిలబడి ఆ దిక్కుకి చెయ్యి చూపించి, ఇదుగో ఇక్కడ ఒక ఆడమనిషి ఉండి పుస్తకాలు రాసింది అని నా కూతురికి చెప్పాలని ఉంది.

చిరుతల సంగతి నువ్వు అడిగేలోపే రాస్తున్నా. ఆ వార్త నువ్వూ చదివే ఉంటావు. 2023 ఆగస్టులో అలిపిరి మెట్లదారిలో ఆరేళ్ల పాపని చిరుత చంపేసింది. అది తలుచుకుంటే ఇప్పటికీ కడుపులో చెయ్యిపెట్టి కలిపినట్టుంటుంది. ఆ తర్వాత బోన్లు పెట్టి కొన్ని చిరుతల్ని పట్టారు, నడిచేవాళ్లకి కర్రలిచ్చారు, మధ్యాహ్నం దాటితే చిన్నపిల్లల్ని మెట్లెక్కనివ్వలేదు. భయపడి పిల్లల్ని అడవికే దూరంగా ఉంచాలా అంటే, నాకలా అనిపించదు. తింటూ తింటూ సగం పారేసుకుంటూ వెళ్తాం, దానికి కుక్కలూ పందులూ చేరతాయి, వాటికోసం చిరుత దారిలోకొస్తుంది. ఈ వరస పిల్లలకి తెలియాలి. మావాడికి చెప్పాను, నీ చిప్సు ప్యాకెట్టు కిందపడితే దాని వెనక ఎవరు వస్తారో ఆలోచించు అని. మెట్లదారిలో కాస్త దూరం నడిచినా పొద్దున్నే నడుద్దాం, పెద్దలు ముందొకరు వెనకొకరు, పిల్లలు మధ్యలో, చెయ్యి వదిలేది లేదు. ఎలుగుబంటి పాఠాలు చెప్పినదానివి, చిరుత పాఠం చెప్పలేవా?

మావాడికి శేషాచలం అంటే 'పుష్ప' తప్ప ఇంకేమీ తెలీదు. ఆ సినిమాలో అడవి చాలామటుకు మారేడుమిల్లిలో తీసిందని, అక్కడ ఎర్రచందనం సహజంగా పెరగదని చెబితే మొహం ఇంతైపోయింది. అసలు చెట్టుని చూపిస్తానని మాటిచ్చాను. ఇది తూర్పు కనుమల దక్షిణ భాగంలో, ఈ శేషాచలం, వెలిగొండలు, పాలకొండలు, నల్లమల లాంటి కొండల్లో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా తనంతట తాను పెరగదు. పైకి ఏమీ తెలియనివ్వదు. బెరడు నల్లగా మొసలి వీపులా పలకలు పలకలుగా పగిలి ఉంటుంది, రెమ్మకి మూడేసి గుండ్రటి ఆకులు. ఎరుపంతా లోపల, చేవలో. ఆ చేవ పట్టడానికి దశాబ్దాలు కావాలి. చందనం కదా అని వాసన చూడబోతే వాసనా ఉండదు. ఆ ఎరుపు కోసమే దొంగరవాణా, ఆ ఎరుపు కోసమే 2015 ఏప్రిల్లో ఆ అడవిలో ఒక్కరోజే 20 మంది కాల్పుల్లో పోయారు. కూలికోసం వచ్చినవాళ్లు. సినిమాలో వాళ్లకి డైలాగులుండవు. ఈ మాట కూడా మావాడితో అన్నాను, వాడు చాలాసేపు మాట్లాడలేదు.

పక్కింటి మామి గుర్తుందిగా, దసరా బొమ్మల కొలువుకి మనిద్దరినీ పిలిచి సుండల్ పెట్టేవారు? ఆవిడ పెళ్లికి పుట్టింటివాళ్లిచ్చిన రాజారాణి బొమ్మలు ఇప్పటికీ పైమెట్టు మీద పెడతారు. మొన్న మా చిన్నదాని చేతికి రాజుబొమ్మ ఇచ్చారు. పట్టుచొక్కా విప్పి చూస్తే ఒళ్లంతా ముదురెరుపు, ఎర్రచందనమే. మూడు తరాల చేతులు తగిలి ముక్కు అరిగి నున్నగా అయిపోయింది, చంకల మడతల్లో మాత్రం ఉలి గీతలు ఇంకా పదునుగా ఉన్నాయి. 'తిరుపతి చెక్క' అన్నారు మామి. పిల్ల దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని, అమ్మా నిజంగానే వాసన లేదు అంది. ఆ చెట్టుని తాకి చూసే రోజు కోసం అది వేళ్లమీద లెక్కపెట్టుకుంటోంది.

ఇందాక చెప్పానుగా ఘాట్ రోడ్డులో రాతి గోడలని, మీ వారి కోసం వాటి గురించి ఒక ముక్క. ఆయన ఇంజనీరు కదా, మెచ్చుకుంటారు. కింద గ్రానైటు, దానిమీద క్వార్ట్‌జైటు, అంటే ఒకప్పటి నీటి అడుగు ఇసుక గట్టిపడి రాయైనది. ఆ రెంటికీ మధ్య కనిపించే గీత దగ్గర సుమారు 80 కోట్ల ఏళ్ల చరిత్ర లేనేలేదు, కొట్టుకుపోయింది. జియలాజికల్ సర్వే వాళ్లు దాన్ని జాతీయ భూవిజ్ఞాన స్మారకంగా గుర్తించి బోర్డు పెట్టారు. శిలాతోరణమూ అలాంటిదే. శిలాతోరణం ముందు ఫోటో దిగనివాళ్లు లేరు, ఆ గీత దగ్గర బండి నెమ్మదించేవాళ్లు లేరు. వ్యాను డ్రైవరుకి ముందే చెప్పిపెడతాను. అక్కడ ఆపనివ్వరు గాని, నెమ్మదిగా పోనిస్తే చాలు. పైకి ఎలాగూ 28 నిమిషాలకంటే ముందు చేరకూడదని నిబంధనే ఉంది. ఆ 28 నిమిషాలూ నువ్వు కళ్లు తెరిచి ఉంచాలి, ఇది నా షరతు. మాత్ర అరగంట ముందు వేసుకో, డ్రైవరు పక్క సీటు నీదే.

జూ చూద్దామని మీ పిల్లలంటే తిరుపతిలో ఉంది, పెద్దదే, కానీ నా ఓటు దానికి లేదు. రెండు రోజుల్లో బంగారు బల్లి కనిపిస్తే చాలు. రాతి పగుళ్లలో ఉంటుంది, రాత్రిపూట బయటికొస్తుంది. అత్తయ్యగారు దాన్ని చూస్తే పాపం పోతుందన్నారు, మావాడు టార్చి కొన్నాడు. తలకోన ఫారెస్టు గైడు వెంట ఉండి చూపిస్తేనే చూద్దాం, మనంతట మనం రాళ్లు కదపకూడదని వాడికి చెప్పి ఉంచాను.

ఇక పనుల సంగతి. 300 రూపాయల దర్శనం టికెట్లు మూడు నెలల ముందే పెడతారు, పెట్టిన కాసేపట్లోనే అయిపోతాయి. మీ నలుగురి పాస్‌పోర్టు నంబర్లూ, వాటిలో పేర్లు ఎలా ఉన్నాయో అలాగే అక్షరం పొల్లుపోకుండా రాసి పంపు. రైలుకి 60 రోజుల ముందు తెరుస్తారు. మీ అమ్మగారిని అడిగాను, 'అది రమ్మంటే వస్తాను' అన్నారు. రమ్మని నువ్వే ఫోన్ చేసి చెప్పు, నేను చెబితే మొహమాటపడుతున్నారు. ఆవిడకి కింది బెర్తు, తలకోనలో మెట్లు లేని గది. జలపాతం దాకా నడవలేకపోతే అత్తయ్యగారూ ఆవిడా సిద్ధేశ్వరస్వామి గుడి అరుగుమీద కూర్చుంటారు, ఇద్దరికీ మాటలకి లోటుండదు. నీ తేదీలు ఈ వారంలో తేల్చెయ్యి, మీ అన్నయ్యగారు ఆఫీసులో సెలవు పెట్టాలి.

నీ
పక్కసీటు