అకిహబరాలో ఘంటసాల పక్కకు జరిగారు

టోక్యోలో అకిహబరా స్టేషన్ దిగి, ‘ఎలక్ట్రిక్ టౌన్’ అని బోర్డున్న గేటు వైపు నడుస్తుంటే మా బావ అడిగాడు.

‘‘ముప్పై అయిదు వేలు పోసి చెవులకు తగిలించుకునేది కొంటావా? ఆ డబ్బుతో క్యోటో వెళ్లొస్తే ఇంకా మిగుల్తాయిరా.’’

‘‘క్యోటో ఎక్కడికీ పోదులే బావా’’ అన్నా.

ఆఫీసు పని మీద రెండు వారాలకు వెళ్లా. బస బావ వాళ్లింట్లో, నిషి కసాయ్‌లో. మన ఐటీ కుటుంబాలు చాలా ఉండే పేట అది. పార్కులో కూర్చుంటే తెలుగు కూడా వినిపిస్తుంది. అక్కణ్నుంచి తోజాయ్ లైన్‌లో కయబాచో, అక్కడ మారి హిబియా లైన్‌లో అకిహబరా. ఆ ఒక్క శనివారం కోసం ఎనిమిది నెలలు డబ్బు దాచా.

నా కథేం కొత్తది కాదు. రెండేళ్ల కిందట ఫ్రెండ్ మాట విని 1,700 రూపాయలకు వైరున్న ఇయర్‌ఫోన్స్ కొన్నా. అప్పటిదాకా ఫోన్ డబ్బాలో వచ్చినవాటితోనే సరిపెట్టుకున్నవాణ్ని. మొదటిరోజు రాత్రి పాత పాటలో తబలా మీద వేలు జారిన చప్పుడు వినిపించింది. అంతే, పిచ్చి పట్టుకుంది. ‘1,700కే ఇలా ఉంటే, ముప్పై వేలకు ఎలా ఉంటుందో’ అన్న ఆలోచన వచ్చిందంటే మీరు కూడా మా గుంపులో చేరిపోయినట్టే.

బావ ముందు రైలు పట్టాల కింద ఉన్న రేడియో సెంటర్‌కు తీసుకెళ్లాడు. సోబు లైన్ రైళ్లు పైన వెళ్తుంటే, కింద ఇద్దరు పక్కపక్కన నడవలేని సందులు. ఒక్కో కొట్టు మన టీ బడ్డీ కన్నా చిన్నది. ఒకాయన దగ్గర స్విచ్చులు మాత్రమే. ఇంకొకాయన దగ్గర వైర్లు మాత్రమే, ఎన్ని రంగులో లెక్కలేదు. పక్కన పాత వాక్యూమ్ ట్యూబులు, అట్టపెట్టెల్లో గుడ్లు పేర్చినట్టు. యుద్ధం అయిపోయాక ఈ చుట్టుపక్కల రోడ్ల మీద రేడియో విడిభాగాలు అమ్మేవాళ్లు. 1949లో వీధి దుకాణాలు ఖాళీ చెయ్యాలని ఆదేశం వచ్చింది. అమ్మేవాళ్లలో కొందరు ఈ పట్టాల కిందకు చేరారు. అలా పుట్టిన బజారు ఇది. హైదరాబాద్ కోఠీలో గుజరాతీ గల్లీ చూసినవాళ్లకు ఈ వాసన తెలుసు. సోల్డరింగు, దుమ్ము, కొత్త ప్లాస్టిక్ కలిసిన వాసన. తేడా ఏంటంటే ఇక్కడ ఎవరూ ‘ఏం గావాలె అన్నా’ అని పిలవరు. ఒక పెద్దాయన కళ్లజోడు నుదుటి మీదకు నెట్టుకుని, మేం వచ్చింది కూడా గమనించకుండా ఏదో లెక్క రాసుకుంటున్నాడు.

పేరు సంగతి కూడా చెప్పేస్తా. 1869లో ఇక్కడ పెద్ద అగ్నిప్రమాదం జరిగిందట. మళ్లీ నిప్పు రాకుండా గుడి కట్టారు. జనం దాన్ని అకిబా దేవుడి మైదానం అని పిలవడం మొదలుపెట్టారు. ఇప్పుడా మైదానంలో కరెంటు సామాను తప్ప ఇంకోటి లేదు.

అసలు పనికి వద్దాం. ఈ-ఇయర్‌ఫోన్ అని ఇక్కడో పెద్ద షాపుంది. హెడ్‌ఫోన్సూ, ఇయర్‌ఫోన్సే దాని వ్యాపారం. కొత్తవే కాదు, సెకండ్ హ్యాండ్‌వి కూడా అమ్ముతారు. ముఖ్యమైన విషయం ఏంటంటే, ఏదైనా మన ఫోన్‌కు తగిలించుకుని మన పాట వినొచ్చు. ఎంతసేపైనా. లోపల నలభై మంది ఉన్నారు. ఒక్కరూ మాట్లాడట్లేదు. కొందరు కళ్లు మూసుకుని తల ఊపుతున్నారు. బావ నా చెవిలో గుసగుసగా, ‘‘ఏదో ధ్యాన మందిరానికి తెచ్చావు’’ అన్నాడు.

నేను సిద్ధమయ్యే వెళ్లా. ఫోన్‌లో మూడు పాటలు. ఒకటి ‘మాయాబజార్’లోది, ఘంటసాల, లీల పాడింది. రెండోది ఎనభైల నాటి ఇళయరాజా పాట, వయొలిన్లు నిండుగా ఉండేది. మూడోది మొన్నటి ఊరమాస్ పాట, బేస్ కోసం. ఘంటసాల ఎందుకంటే, 1957 నాటి సినిమా ధ్వని మోనో. కుడికీ ఎడమకీ ఒకటే శబ్దం వెళ్తుంది. హెడ్‌ఫోన్ సరిగ్గా ఉంటే గొంతు తల మధ్యలో, ముక్కుకు సూటిగా నిలబడాలి. (రంగులద్దిన కొత్త వెర్షన్‌కు ధ్వని కూడా కొత్తగా చేశారు. పరీక్షకు పాతదే పనికొస్తుంది.)

మొదట చేతిలోకి తీసుకుంది సోనీ ఎండీఆర్-సీడీ900ఎస్‌టీ. పక్కన ఎర్ర గీత. 1989 నుంచి జపాన్ స్టూడియోల్లో ఇదే. దీన్ని పెట్టుకుంటే పాట బాగుండదు, పాటలో తప్పులు బాగుంటాయి. గాయకుడు ఊపిరి తీసుకునేది, పెదవులు విడిపోయేది అన్నీ తెలిసిపోతాయి. ప్లగ్గు కూడా లావుది, 6.3 మిల్లీమీటర్లది. ఫోన్‌కు పెట్టాలంటే అడాప్టర్ కావాల్సిందే. పనిచేసేవాళ్ల సామాను ఇది. రాత్రి పడుకునే ముందు ఇళయరాజాను వినడానికి కాదు.

తర్వాత సెన్‌హైజర్ హెచ్‌డీ 600. 1997లో వచ్చింది, ఇప్పటికీ అమ్ముడవుతోంది. ఫోన్ మోడళ్లను ఏడాదికోసారి పాతబెట్టే మన కాలంలో ఇది వింతే. మొదలుపెట్టినవాళ్లు రెండో మెట్టుగా దీన్నే ఎక్కువగా చూస్తారు. నేను కూడా దీనికోసమే డబ్బు దాచా. ఫోన్‌కు గుచ్చి వాల్యూమ్ పైదాకా పెంచినా గొంతు ఎక్కడో దూరంగా ఉంది. దీని ఇంపిడెన్స్ 300 ఓమ్‌లు. ఫోన్ ఇచ్చే వోల్టేజి దీనికి చాలదు. షాపువాళ్లు చిన్న ఆంప్లిఫయర్ తెచ్చి తగిలించారు. అప్పుడు లేచింది పాట. లీల గొంతులో ఆ మెత్తదనం నేను అంతకుముందు వినలేదు.

కానీ ఒక సంగతి. దీని వెనక భాగం జల్లెడలా తెరిచే ఉంటుంది. ఓపెన్ బ్యాక్ అంటారు. శబ్దం గది నిండా ఉన్నట్టు వినిపించేది అందుకే. అలాగే, మనం వినేది పక్కవాళ్లకూ వినిపిస్తుంది. ముగ్గురం కలిసుండే గదిలో అర్ధరాత్రి ఇది పెట్టుకుంటే నా రూమ్మేట్స్ నన్ను బాల్కనీలో పడుకోబెడతారు. టోక్యో రైళ్లలో అయితే మరీనూ. అక్కడ ఫోన్ మాట్లాడటమే మర్యాద కాదు.

ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. హెడ్‌ఫోన్ ధర చూసుకుంటారు గానీ, దాన్ని నడిపే ఆంప్‌ను, పెట్టుకునే చోటును లెక్కలోకి తీసుకోరు. ఇంకో బోల్తా వాల్యూమ్ దగ్గర. రెండిట్లో ఏది కాస్త గట్టిగా మోగితే అదే బాగుందని చెవి తీర్పు చెప్పేస్తుంది. రెండిటినీ ఒకే మోతలోకి తెచ్చుకుని పోల్చాలి. నేను తంటాలు పడి అలాగే చేశా. హైఫైమాన్ సుందర పెట్టా. పల్చటి పొర మీద తీగ పరిచి అయస్కాంతాల పక్కన ఊపే ప్లానర్ రకం. వయొలిన్లు విడివిడిగా, శుభ్రంగా వచ్చాయి. అదీ ఓపెనే. చివరికి ఆడియో-టెక్నికా ఏటీహెచ్-ఎం50ఎక్స్. మూసి ఉండే రకం, 38 ఓమ్‌లు, ఫోన్‌తోనే హాయిగా నడుస్తుంది. బేస్ కాస్త దట్టం, గొంతు కొంచెం వెనక్కి. నిజం చెప్పాలంటే ఊరమాస్ పాట దీంట్లోనే బాగుంది.

బ్లూటూత్ వాటి జోలికి పోలేదు. రోజూ మెట్రోలో వెళ్లేవాళ్లకు అవే మేలు, వాదన అనవసరం.

ఇంతలో ఒకటి గమనించా. హెచ్‌డీ 600లో ఘంటసాల మధ్యలో లేరు. కుడివైపు జరిగారు. కొంచెం కాదు, కుడి కనుబొమ్మ దాకా. సరే, డెమో పీసు కదా, ఎందరో వాడారు, ఎడమ డ్రైవర్ దెబ్బతిందేమో అనుకున్నా. సుందరలోనూ అంతే. సోనీ మళ్లీ పెట్టా. అంతే. ఎం50ఎక్స్. అంతే.

‘‘నాలుగూ పాడైపోయాయా?’’ అని బావ నవ్వాడు.

షాపులో కుర్రాడికి ట్రాన్స్‌లేటర్‌లో రాసి చూపించా. ‘ఎడమ వైపు శబ్దం తక్కువగా ఉంది.’ అతను చదివాడు. ఏమీ అనలేదు. రెండు చేతులూ చెవుల మీద పెట్టుకుని, వాటిని అటుదిటు మార్చి చూపించాడు. హెడ్‌ఫోన్ తిప్పి పెట్టుకోమని.

ఎడమది కుడికి, కుడిది ఎడమకి పెట్టుకున్నా. హెడ్‌ఫోన్‌లోనే తప్పుంటే ఘంటసాల ఇప్పుడు ఎడమకు రావాలి.

రాలేదు. అదే కుడి కనుబొమ్మ దగ్గర ఉన్నారు.

హెడ్‌ఫోన్ తీసేసి బల్ల మీద పెట్టా. కుర్రాడు కొంచెం వంగి, నా వైపు చూడకుండా, దాన్ని గుడ్డతో తుడుస్తున్నాడు. బావ ఇంకా నవ్వబోయి ఆగిపోయాడు.

బయటికొచ్చి కందా నది మీద మన్‌సెయ్ వంతెన దగ్గర నిలబడ్డాం. పాత స్టేషన్ ఎర్ర ఇటుక కమానులు నీళ్లలో కనిపిస్తున్నాయి. నాకు మాత్రం అవేవీ ఎక్కట్లేదు. ఇంజినీరింగ్ నాలుగేళ్లూ ఇయర్‌ఫోన్స్ పెట్టుకునే నిద్రపోయా. ఆర్టీసీ బస్సులో ఇంజను మోత వినపడకుండా వాల్యూమ్ చివరిదాకా పెట్టేవాణ్ని. కిందటేడు నిమజ్జనంలో డీజే బాక్సుల ముందు మూడు గంటలు గంతులేసి, రెండ్రోజులు చెవిలో ఈల మోగితే ‘మామూలే’ అనుకున్నా. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో 80 డెసిబెల్స్ అయితే వారానికి 40 గంటలు వినొచ్చు. 90 అయితే వారానికి 4 గంటలే. నిమజ్జనం బాక్సు ముందు ఎన్ని నిమిషాలో మీరే ఊహించుకోండి.

‘‘ఎడమ చెవికి ఎన్నాళ్లనుంచి ఇలా ఉందిరా?’’ అన్నాడు బావ.

‘‘తెలీదు బావా. అసలు తెలిస్తేగా!’’

ఆరోజు ఏమీ కొనలేదు. తిరిగొస్తూ మెత్తటి సిలికాన్ టిప్స్ ఒక ప్యాకెట్ మాత్రం తీసుకున్నా. ఇయర్‌ఫోన్స్ వాడేవాళ్లు వేలు ఖర్చు పెట్టే ముందు చెయ్యాల్సిన మొదటి పని ఇదేనని చెప్తా. చెవి సైజుకు టిప్ సరిపోకపోతే బేస్ అంతా సందుల్లోంచి పారిపోతుంది. ‘ఈ ఇయర్‌ఫోన్స్‌లో బేస్ లేదు’ అనే ఫిర్యాదుల్లో చాలావాటికి మందు అదే.

హైదరాబాద్ వచ్చిన మూడో రోజే ఈఎన్‌టీ డాక్టర్ దగ్గరికి వెళ్లా. ఆవిడ చెవిలోకి లైటు వేసి చూసి, ‘‘ఇయర్ బడ్స్ పెట్టి తిప్పుతావా?’’ అన్నారు. తిప్పుతానండీ అన్నా. గులిమి బయటకు రాకుండా, లోపలికే కూరుకుపోయిందట. మెషిన్‌తో లాగేశారు. ఒక్కసారిగా ఫ్యాను చప్పుడు, బయట ఆటో హారన్, నర్సు చెప్పుల టపటపా. అమ్మయ్య, ఇంతేనా అని లేవబోయా.

‘‘కూర్చో. ఒకసారి ఆడియోగ్రామ్ చేద్దాం’’ అన్నారు.

మూసేసిన చిన్న గదిలో కూర్చోబెట్టి, చెవులకు హెడ్‌ఫోన్ పెట్టి (దాని మోడల్ నంబరు చదవడానికి ప్రయత్నించానని ఒప్పుకుంటున్నా), చిన్న చిన్న కూతలు వినిపిస్తే బటన్ నొక్కాలి. రిపోర్టులో గీత బాగానే సాగుతూ ఎడమ చెవికి 4,000 హెర్ట్జ్ దగ్గర గుంటలో పడి మళ్లీ లేచింది. పెద్ద మోతలు విన్న చెవుల్లో సాధారణంగా మొదట పడే గుంట అక్కడేనట. ‘‘ఇది తిరిగి రాదు. ఇంకా పెరగకుండా చూసుకోవాలి. ఏడాదికోసారి రా’’ అన్నారు.

తాళం చప్పుడు, గొంతులో ‘స’, ‘ష’లు, వయొలిన్ అంచు, వీటిలో చాలా భాగం ఆ చుట్టుపక్కలే ఉంటుంది. డబ్బు పోసి కొందామనుకున్న మెరుగు సరిగ్గా నాకు గుంట పడిన చోటే ఉంది.

నెల తర్వాత ఎం50ఎక్స్ కొన్నా. అనుకున్న డబ్బులో సగం కూడా కాలేదు. మూసి ఉండే రకం కాబట్టి బయటి మోత కొంత ఆగుతుంది, నేను వాల్యూమ్ పెంచాల్సిన పని తగ్గింది. ఫోన్ సెట్టింగ్స్‌లో యాక్సెసబిలిటీ అని ఉంటుంది. అందులో ఎడమ, కుడి బ్యాలెన్స్ గీత ఒకటుంది. అది ఒక్క గీటు ఎడమకు జరిపా. హెచ్‌డీ 600 మీద ఆశ చావలేదు. సొంత గది దొరికాక చూద్దాం.

మొన్న ఊరెళ్లినప్పుడు అమ్మకు పెట్టి వినిపించా. బ్యాలెన్స్ గీతను మళ్లీ మధ్యకు తెచ్చి, ఆ పాత పాటే.

‘‘ఘంటసాల ఎక్కడున్నాడమ్మా?’’

‘‘ఎక్కడుండటమేంట్రా?’’ అని విసుక్కుని, కళ్లు మూసుకుని, బొట్టు పెట్టుకునే చోట వేలు పెట్టింది.