ముందుకు ఒంగిన పటాలు

మెల్‌బోర్న్‌లోని బ్రన్స్‌విక్‌లో నేను మొదట అద్దెకున్న ఇంట్లో గోడకి మేకు కొట్టకూడదని ఒప్పందంలోనే రాసుంది. తెనాలి నుంచి చొక్కాల మడతల్లో పెట్టుకొచ్చిన వెంకటేశ్వరస్వామి పటం మూణ్ణెల్లు పెట్టెలోనే ఉండిపోయింది. ఓ రాత్రి వెల్లకిలా పడుకుని చూస్తుంటే, పన్నెండడుగుల కప్పుకి ఓ రెండడుగుల కింద గది చుట్టూ తిరిగిన కొయ్యపట్టీ కనబడింది, దానికి ఒక మూల, ఎవరు వదిలేసి వెళ్లారో, వంకర తిరిగిన ఇత్తడి కొక్కెం. పిక్చర్ రైల్ అంటారని పక్కగది ఆయన చెప్పాడు. ఆ పాత గోడల సున్నం మేకు దింపితే పెళ్లలుగా రాలుతుంది కాబట్టి పటాలన్నీ ఆ పట్టీ నుంచే తాళ్లతో, గొలుసులతో వేలాడేవి. స్వామినీ అలాగే వేలాడదీశాను. తాడు బిగియగానే పటం పై అంచు ముందుకొచ్చింది, ఒంగి నావంక చూసింది. అమ్మమ్మగారింట్లో పటాలన్నీ అలాగే చూసేవి.

అది మండువా ఇల్లు. కింద రెండు మేకుల మీద కూచుని, పైన తాడుతో ముందుకు వాలిన రవివర్మ అచ్చు లక్ష్మీదేవి, శ్రీరామ పట్టాభిషేకం, తలపాగాతో ముత్తాత, ఎవరో పొరుగూరి పెళ్లిబృందం. ఇంట్లో ఎవరు పోయినా ఆ వరసలోకి ఒకటి చేరేది. వాటి వెనక పిచ్చుకలు గూళ్లు పెట్టేవి, గడ్డిపోచలు కింద భోంచేసేవాళ్ల విస్తళ్లలో పడేవి. సంక్రాంతికి ముందు వెదురుగడ చివర చీపురు కట్టి బూజు దులిపించేవాళ్లు, ఆ తర్వాత నీలిమందు కలిపిన సున్నం వాసన వారం రోజులు. దులిపే మనిషి తలకీ మూతికీ తువ్వాలు చుట్టుకున్నా ఏడాది దుమ్ము కళ్లలోనే పడేది. అతనికి మధ్యాహ్నం పచ్చడన్నం, రాత్రికి దగ్గు. ఎత్తు కప్పుల చల్లదనాన్ని తలుచుకుని మురిసేవాళ్లలో ఆ గడ పట్టినవాళ్లు తక్కువే, నాతో సహా.

మెల్‌బోర్న్ ఎత్తుది వేరే కథ. 1850ల బంగారం, 1880ల భూముల మోజు ఈ వరస ఇళ్లని కట్టించాయి; 1893లో బ్యాంకులు వరసగా తలుపులు మూసుకున్నాయి గానీ కప్పులు ఎత్తునే నిలిచాయి. అంతంత గోడని చీరలా విడగొట్టుకున్నారు: నడుం దాకా ముదురురంగు అంచు, పైన పూలకాగితం ఒళ్లు, కొయ్యపట్టీకీ కప్పుకీ మధ్య ఇంకో సన్నంచు, నడిమధ్య దీపం వేలాడే చోట సున్నంతో పోసిన పెద్ద పువ్వు. గ్యాసు దీపాల మసి ఆ రేకుల మడతల్లో దాక్కునేది. సిడ్నీ టౌన్‌హాల్లో కొత్తగా రాబోయే పెద్ద ఆర్గన్ అదురుకి సున్నపు పెళ్లలు జనం నెత్తిన పడతాయని భయపడి, వుండర్లిక్ అనే వ్యాపారుల చేత అచ్చొత్తిన జింకు రేకుల కప్పు వేయించారు, 1889లో. తర్వాత అలాంటి రేకులే దుకాణాలకీ, పబ్బులకీ, పల్లెటూరి ఇళ్లకీ ఎక్కాయి, ఇంటి తాహతు చూడకుండా.

మరో రెండు తరాలకి జనం విసిగి, చాలా ఇళ్లలో ఆ పువ్వులకి దిగువన దొంగకప్పులు బిగించి ట్యూబులైట్లు పెట్టుకున్నారు. వాళ్లని తప్పుపట్టలేను. ఇక్కడ చలికాలమైన జూలైలో మా హీటర్ వేడంతా పైకి పోయి ఆ సున్నపు పువ్వుని వెచ్చబెట్టేది, ఆ అద్దింట్లో ఉన్న మేం ముగ్గురం కింద దుప్పట్లు కప్పుకుని టీ తాగేవాళ్లం.

ఇప్పుడుండేది మెల్‌బోర్న్ శివారు టార్నిట్‌లో. చట్టం అడిగే కనీస ఎత్తు 2.4 మీటర్లు, మాది దానికి జానెడు ఎక్కువ. దీపాలు కప్పులోకే దిగిపోయాయి, వాక్యూమ్ గొట్టం మూలమూలకీ అందుతుంది, మా అమ్మాయికి బూజుకర్ర అన్న మాట అక్కర్లేకుండా పోయింది. పటాన్ని అతుకుడు పట్టీలతో కంటి ఎత్తున అంటించాను. అమ్మ వచ్చినప్పుడు కాసేపు చూసి, "స్వామిని ఇంత కిందికి దించావేంరా?" అంది. పైన ఎక్కడుందమ్మా చోటు, అన్నాను. పాత తాడు మాత్రం విప్పలేదు. ఆ ముడి అడ్డంవచ్చి పటం పై అంచు ఇప్పటికీ గోడకి పూర్తిగా ఆనదు.