మామూ జల్దీ

చిన్నప్పుడు ధవళేశ్వరంలో నానీ ఇంటికెళ్లాలంటే రాజమండ్రి స్టేషన్‌లో దిగేవాళ్లం. తీసుకెళ్లడానికొచ్చిన మామూ ఎన్నడూ వంతెన ఎక్కేవాడు కాదు. "చలో, జల్దీ!" అంటూ నా చెయ్యి పట్టుకుని పట్టాలు దాటించేసేవాడు. వెనక అమ్మీ "యా అల్లాహ్" అంటూ గుండె పట్టుకునేది. నాకేమో మజా.

2013 నవంబర్ 2తో ఆ మజా పోయింది. మన రాజమండ్రి మీదుగా పోయే బొకారో ఎక్స్‌ప్రెస్‌లో మంటలు లేచాయని విజయనగరం దగ్గర గొట్లాంలో అఫ్వా పుట్టింది. అంతా ఝూట్. కానీ చైన్ లాగి, చీకట్లో పక్క పట్టాల మీదికి దిగారు జనం. రాయగడ ప్యాసింజర్ ఆ పట్టాల మీదే వచ్చింది. కనీసం ఎనిమిది మంది పోయారు. పాపం, వాళ్లు జాన్ కాపాడుకుందామని దిగారు. మనం దిగేది ఐదు నిమిషాల కోసం!

రైల్వే చట్టం 147వ సెక్షన్ కింద దీనికి వెయ్యి రూపాయల దాకా జుర్మానా, ఆరు నెలల దాకా ఖైద్. వేగంగా వచ్చే బండికి బ్రేకేసినా ఆగడానికి కిలోమీటరు దాకా పట్టొచ్చు. ఇవన్నీ చెబితే మామూ నవ్వేస్తాడు.

మొన్న ఈద్‌కి మోకాళ్ల నొప్పంటూ మళ్లీ ప్లాట్‌ఫాం అంచుకి నడిచాడు. ఈసారి చెయ్యి పట్టుకున్నది నేను. మెట్టుమెట్టుకీ సణుగుతూనే వంతెన ఎక్కాడు.