ఆగిపోయిన స్కోరు

ఇంటర్‌లో ఉండగా గేమ్‌లో నా కాయిన్లు 2147483647 దగ్గర ఆగిపోయాయి. ఫోన్ పోయిందనుకున్నా. కాదట! 32 బిట్లలో ఒకటి ప్లస్సా మైనస్సా అన్నదానికే పోతుంది. మిగతా 31లో అంతకు మించి పట్టదు. 2 పవర్ 31లోంచి ఒకటి తీసేస్తే అదే సంఖ్య.

పైగా అది ప్రధాన సంఖ్య. 1772లో ఆయిలర్ తేల్చాడు. 46,340 లోపు ప్రధాన సంఖ్యలన్నిటితో భాగించి చూడక్కర్లేదు, 62తో భాగిస్తే 1 మిగిలేవి చూస్తే చాలు. అయినా బోలెడు భాగహారాలు. అప్పటికే ఆయనకు చూపు దాదాపు లేదు.

గుణదల కొండ కింద కొవ్వొత్తులమ్మే మా నాన్నకు ఇదంతా చెప్పా. నీటికాసులతో ఆయనకీ చూపు తగ్గిపోయింది.

"మరి ఆయన లెక్కలు ఎవరు రాసేవాళ్లురా?" అన్నాడు.

"శిష్యులు. కొడుకు కూడా."

నాన్న పద్దుల పుస్తకం నా వైపు జరిపాడు.